నాలుగు గజాల వారసత్వం, రెండంగుళాల వెల్క్రో

మా ఆఫీసు డిసెంబరు విందు ఆహ్వానంలో 'సెమీ ఫార్మల్' అని రాశారు. డాలస్ వచ్చి పదకొండేళ్లయినా ఈ మాటకు అర్థం చెప్పిన మనిషి నాకు తగల్లేదు. సూటేస్తే ఎక్కువట, జీన్సేస్తే తక్కువట. ఇలాంటి ధర్మసంకటంలోనే మనిషికి పూర్వీకులు గుర్తొస్తారు. తెలుగుజాతి గౌరవాన్ని నా నడుముకే చుట్టుకుందామని నిశ్చయించి, పంచె కట్టాను.

కట్టాను అనడం కాస్త ఎక్కువే. అంటించాను. అది నడుము దగ్గర వెల్క్రో ఉన్న రెడీమేడ్ పంచె. వెల్క్రో కనిపెట్టినాయన జార్జ్ డి మెస్ట్రల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు. షికారుకెళ్లినప్పుడు తన బట్టలకీ, కుక్క బొచ్చుకీ అంటుకున్న ముళ్లకాయల్ని చూసి ఆయనకీ ఆలోచన వచ్చింది. 1955లో పేటెంటు తీసుకున్నాడు. అంటే, తరతరాల నా వారసత్వం ఆ సాయంత్రం ఒక స్విస్ కుక్క పుణ్యాన నిలబడి ఉందన్నమాట.

ఆశీర్వాదం కోసం నాన్నకు వీడియో కాల్ చేశాను. తెనాలిలో తెల్లవారుజాము అయిదున్నర. ఆయన నేను పోయినేడు కొనిచ్చిన ట్రాక్ ప్యాంటు మీద మా కంపెనీ టీషర్టేసుకుని వాకింగుకి బయల్దేరుతున్నారు.

"ఎవరిదిరా పెళ్లి?" అన్నారు.

వెనకనుంచి అమ్మ, "లోపల నిక్కరేసుకున్నాడో లేదో కనుక్కోండి" అంది.

సంస్కృతీ పరిరక్షణకు స్వదేశం నుంచి అందే సహకారం ఈపాటిది. అయినా తెనాలిలో ఉన్నన్నాళ్లూ నేనూ పంచె పేరెత్తితే పారిపోయినవాడినే. నా రిసెప్షన్‌కి అద్దె షేర్వాణీతో నిలబడ్డాను. పరదేశంలో పంచె కట్టడంలో ఉన్న సుఖం వేరు. వంకపెట్టే మేనమామ ఒక్కడూ ఉండడు. మా ఆవిడ ఈ పదకొండేళ్లూ ఇలాంటి ప్రతి విందుకీ చీరతోనే వచ్చింది, ఎక్కడా ప్రకటన చేయలేదు. నేను ఒక్కపూట కట్టి, కారెక్కేలోగా ఫేస్‌బుక్‌లో నాలుగు పేరాలు రాశాను.

ఆ పేరాల్లో గాంధీగారిని కూడా వాడుకున్నాను. 1931లో ఆయన కొల్లాయితోనే బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి వెళ్లి అయిదో జార్జి ఇచ్చిన తేనీటి విందులో పాల్గొన్నారు. ఆయన వెనక ఒక జాతి నిలబడి ఉంది. నా వెనక పార్కింగ్ లాట్‌లో ఈదురుగాలి వీస్తోంది.

హాల్లో కిల్ట్, అంటే స్కాట్లాండ్ మగవాళ్లు కట్టే మోకాళ్లదాకా ఉండే గళ్ల పావడా, కట్టుకుని స్కాట్లాండ్ మూలాలున్న మా టీమ్ సభ్యుడు కనిపించాడు. ఈ కిల్ట్‌తో సహా వాళ్ల హైలాండ్ (కొండసీమ) దుస్తుల్ని బ్రిటిష్ పార్లమెంటు 1746లో నిషేధించింది, 1782లో గానీ నిషేధం ఎత్తేయలేదు. మా పంచెను ఎవరూ నిషేధించలేదే అని మొదటిసారి బాధేసింది. నిషేధించి ఉంటే ఈపాటికి ఊరూరా కట్టేవాళ్లం. 2014లో చెన్నైలో ఒక క్లబ్బు, పంచెతో వచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని గుమ్మంలోనే ఆపేసింది. దెబ్బకి తమిళనాడు అసెంబ్లీ చట్టమే చేసింది. మనకంత అదృష్టం ఏదీ?

ఇంతలో ఒకావిడ వచ్చి "ఇదేమిటి?" అంది. దొరికిందే అవకాశమని మంగళగిరి మగ్గాల నుంచి మొదలుపెట్టి, జరీ అంచు, గోచీ, అడ్డపంచె తేడాల దాకా వెళ్లాను. ఆవిడ శ్రద్ధగా అంతా విని, "యోగా కూడా నేర్పుతారా?" అంది.

తర్వాత బఫే. ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో గ్లాసు, రొండిన దోపుకున్న ఫోను. అంచు పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలని పూర్వీకులు ఎక్కడా చెప్పలేదు. సరిగ్గా అప్పుడే ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. దాని కాలు నా అంచు మీద పడింది. నేనొక అడుగు ముందుకేశాను. పర్ర్‌ర్‌మని ఒక చప్పుడు. పాట ఆగిన క్షణం కావడంతో అందరికీ వినబడింది.

కిల్టాయన తన కోటు నాకు అడ్డంపెట్టి నిలబడ్డాడు. నిషేధం అనుభవించిన జాతి కదా, ఆపద విలువ తెలుసు. మా ఆవిడ మాట్లాడకుండా చీర కుచ్చిళ్ల దగ్గరున్న రెండు పిన్నీసులు తీసి, పంచెను పిక్కల పైకి లాగి, బిగించి వదిలింది. జరీ అంచు ఎటుపోయిందో తెలియలేదు. ఆ తర్వాత మాత్రం అది జారలేదు, నేను రెండు పాటలకు డాన్సు కూడా చేశాను.

ఆ అవతారంలో దిగిన ఫొటో నాన్నకు పంపాను. చాలాసేపటికి జవాబొచ్చింది: "మీ తాత బురదలో దిగేటప్పుడు అచ్చం ఇంతపైకే కట్టేవాడు."