ఆలివ్ కోతలో బదులు పని: పొరుగు స్నేహం ఎక్కడ ఆగిపోతోంది?

అక్టోబరులో తొలి వాన పడి ఆకుల మీది దుమ్ము కడిగిందంటే, ఇజ్రాయెల్ సైన్యం ఆధీనంలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్ పల్లెల్లో ఆలివ్ కోత మొదలైనట్టే. నవంబరు దాకా ఇంటిల్లిపాదీ తోటల్లోనే ఉంటారు. ఆ రోజుల్లోనే ఇజ్రాయెల్ నుంచి యూదు వలంటీర్లు వచ్చి పాలస్తీనా రైతుల పక్కన నిలబడి కాయ కోస్తారు. 1988లో ఏర్పడిన ‘రబ్బీస్ ఫర్ హ్యూమన్ రైట్స్’ అనే రబ్బీల (యూదు మతగురువుల) సంస్థ ఏళ్ల తరబడి ఈ పని చేయిస్తోంది. బయటివాళ్ల కంటికి ఇదొక శాంతి యాత్రలా కనిపిస్తుంది. రైతుకు మాత్రం ఇది గడువుతో కూడిన వ్యవసాయ పని. గడువులోగా కాయ గానుగకు చేరితేనే వచ్చినవాళ్ల మీద నమ్మకం కలుగుతుంది, స్నేహం ఆ నమ్మకం వెనకే వస్తుంది.

గడువు ఎందుకంటే, సెటిల్‌మెంట్ల (అక్కడ ఇజ్రాయెలీలు కట్టుకున్న కాలనీల) పక్కనున్న తోటల్లోకి రైతు తనకు నచ్చినప్పుడు వెళ్లలేడు. సైన్యం రోజులు కేటాయిస్తుంది. దీన్ని అక్కడ ‘తన్సీక్’ అంటారు, అంటే సమన్వయం. 2002 నుంచి ఇజ్రాయెల్ కట్టుకుంటూ వచ్చిన అడ్డుగోడకు అవతల భూమి చిక్కుకుపోతే పర్మిట్ కావాలి, గేటు తీసే వేళకు అక్కడ ఉండాలి. కొన్ని గేట్లు కోత కాలంలో తప్ప తెరుచుకోవు.

ఒక లెక్క వేసి చూద్దాం. వానాధారపు తోటలో 100 చెట్లు, చెట్టుకు 20 కిలోల చొప్పున 2,000 కిలోల కాయ. చేయి తిరిగిన మనిషి గంటకు ఇంచుమించు 10 కిలోలు కోస్తాడు. అంటే 200 గంటల పని. ఇంట్లో ఐదుగురు, దొరికింది రెండు రోజులు, రోజుకు 8 గంటలు అనుకుంటే వాళ్ల చేతుల మీద 80 గంటల పనే తెగుతుంది. మిగతా 1,200 కిలోలు చెట్టు మీదే ఉండిపోతాయి. కాయ బరువులో ఐదో వంతు నూనె వస్తుందనుకున్నా 240 కిలోలు, 16 కిలోల టిన్నుల్లో కొలిస్తే 15 టిన్నులు పోయినట్టు. ఇప్పుడు పదిమంది వలంటీర్లు వచ్చారనుకోండి. కొత్తవాళ్లు కాబట్టి సగం వేగం; ఆలస్యంగా వచ్చి పెందరాళే వెళ్తారు కాబట్టి రోజుకు 6 గంటలు. రెండు రోజులకు 60 గంటల పని, అంటే 600 కిలోలు. కొరతలో సగమే తీరింది. పూర్తిగా తీరాలంటే ఇరవైమంది కావాలి. ‘ఒక్కడు వచ్చినా సంఘీభావమే’ అనే మాట మంచిదే కానీ, రైతుకు కావలసింది తలల లెక్క, వచ్చే వేళ. అవి ముందురోజు రాత్రికే తెలిస్తే చెట్టు కింద పరిచే పట్టాలు, నిచ్చెనలు దానికి తగ్గట్టు సర్దుకుంటాడు.

పని తేలికే, చెడగొట్టడం అంతకంటే తేలిక. చెట్టు మొదలుకు రెండు వైపుల నుంచి పట్టాలు పరిచి, అంచులు ఒకదాని మీదికి ఒకటి జానెడు ఎక్కేలా సర్దాలి. ఆ కొండవాలు తోటల్లో పల్లం వైపు అంచు కింద రాళ్లు పేర్చి కాస్త ఎత్తకపోతే కాయ దొర్లి ముళ్ల పొదల్లోకి పోతుంది. కోసేటప్పుడు రెమ్మను మొదట్లో పట్టుకుని, వేళ్లు వదులుగా మూసి, ఆవు పొదుగు పిండినట్టు కొస దాకా లాగాలి. కాయలు జలజలా రాలతాయి, ఆకు చాలావరకు రెమ్మకే ఉంటుంది. ప్లాస్టిక్ చేతిదువ్వెనతోనైనా ఇదే కదలిక. కొత్తవాళ్లు కర్ర పట్టి కొడతారు. పని చకచకా సాగుతున్నట్టే ఉంటుంది. కానీ ఆలివ్ కాపు ముందు ఏడాది ఎదిగిన రెమ్మ మీదే వస్తుంది. ఈ ఏడు పెరిగిన లేత రెమ్మలు కర్ర దెబ్బకు విరిగితే వచ్చే ఏటి కాపు విరిగినట్టే.

రెండో పొరపాటు పట్టా మీద నడవడం. నలిగిన కాయ అక్కడే పాడవడం మొదలవుతుంది. మూడోది, నేల మీద ముందే రాలి పడి ఉన్న కాయను చెట్టు కాయతో కలిపేయడం. ఆ కాయకు బూజు, మట్టి, ఆలివ్ ఈగ కుట్టిన పుచ్చు ఉంటాయి. గుప్పెడు గుప్పెడుగా కలిసినా నూనె ఆమ్లత పెరుగుతుంది. మేలైన ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ రకం అనిపించుకోవాలంటే ఆమ్లత 0.8 శాతం దాటకూడదు. కాయను బిగించి గోనె సంచుల్లో నింపితే లోపల వేడెక్కి పులుస్తుంది కాబట్టి గాలాడే ప్లాస్టిక్ క్రేట్లు మేలు. ఒక రోజులోగా గానుగకు చేరాలి.

వలంటీర్లను పిలిచే రోజు కూడా ఆలోచించి పెట్టాలి. ఇజ్రాయెల్‌లో శుక్ర, శనివారాలు సెలవు. శనివారం సబ్బాత్, అంటే యూదుల విశ్రాంతి దినం కాబట్టి నిష్ఠ గలవాళ్లు ప్రయాణం చేయరు. మిగిలింది శుక్రవారం. ఆ మధ్యాహ్నం రైతు ఇంటి మగవాళ్లు నమాజుకు వెళ్తారు. ఇది తెలిసిన సమన్వయకర్త తెల్లవారేసరికి వలంటీర్లను తోటలో దించుతాడు. తెలియనివాడు పదిన్నరకు తెచ్చి, గంటన్నర ఫొటోలకు పోగొడతాడు. ఫొటోల సంగతి ఇంకొకటి: రైతు ముఖం, తోట ఆనవాళ్లు నెట్‌లో పెడితే రేపు చెక్‌పోస్టు దగ్గర ఇబ్బంది పడేది ఆయనే. అడగకుండా తీయకూడదు.

సైనికులు వచ్చి ‘ఇది మూసివేసిన సైనిక ప్రాంతం’ అంటే రాతపూర్వక ఉత్తర్వు, దానితో ఉన్న మ్యాపు, గడువు చూపమని మర్యాదగా అడగవచ్చు. అక్కడే బైఠాయించాలా, కదలాలా అన్నది మాత్రం రైతు చెప్పాలి. వలంటీరు పట్టుదలకు పోతే ఆ కుటుంబానికి దక్కిన రెండు రోజుల్లో ఒకటి ఆవిరైపోతుంది. అలాగని వలంటీర్లకు ముప్పు లేదనుకోకూడదు. 2015లో నాబ్లుస్ దగ్గర ఇతమార్ సెటిల్‌మెంట్ పరిసరాల్లో ‘రబ్బీస్ ఫర్ హ్యూమన్ రైట్స్’కు చెందిన రబ్బీ అరిక్ ఆషర్‌మాన్ మీద ముసుగు మనిషి కత్తితో దాడి చేశాడు.

మన పల్లెల్లో నాట్లప్పుడు, కోతలప్పుడు బదులు పనికి వెళ్లే అలవాటు ఉండేది. ఈ రోజు నీ చేలో, రేపు నా చేలో. పాలస్తీనా పల్లెల్లోనూ అలాంటి పద్ధతే ఉంది, దాని పేరు ‘అల్ ఔనా’. ఇజ్రాయెలీ వలంటీరు వచ్చినప్పుడు ఈ పద్ధతి ఒంటికాలి మీద నిలబడుతుంది. రైతు ఆ ఇంటికి బదులు వెళ్లాలంటే ఇజ్రాయెల్‌లో అడుగు పెట్టడానికి పర్మిట్ కావాలి. వలంటీరు రైతు వెంట గానుగ దాకా వెళ్లాలన్నా, అది పాలస్తీనా అథారిటీ పాలనలోని ‘ఎ’ (A) ప్రాంతంలో ఉంటే ఇజ్రాయెలీలకు ప్రవేశం నిషేధమని రోడ్డు మీద ఎర్ర బోర్డు ఉంటుంది. తాను కోసిన కాయ నుంచి పచ్చటి నూనె ధార కారడం అతను చూడలేడు. తోటలో చెట్టు కింద రొట్టె, టీ పంచుకోవడం వరకే. రాకపోకలు లేని పొరుగు ఎంతకాలమైనా పలకరింపు దగ్గరే ఆగిపోతుంది.

ఆ బదులు ఇంకో రూపంలో తీరాలి, అది తీర్చాల్సింది స్వేచ్ఛగా తిరగగలిగిన పక్షమే అని నా అభిప్రాయం. తీర్చిన దాఖలా కూడా ఉంది. యానూన్ తదితర గ్రామాలతో కలిసి హక్కుల సంఘాలు వేసిన కేసులో 2006 జూన్‌లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సెటిలర్ల దాడుల నుంచి కాపాడతామంటూ రైతును తన భూమికే రానివ్వకపోవడం, ఇంట్లో దొంగ పొంచి ఉన్నాడని ఇంటివాడిని బయట నిలబెట్టడం లాంటిదని చెప్పింది. రైతుకు రక్షణ కల్పించి కోత జరగనివ్వడం సైన్యం బాధ్యత అంది. ఈ తీర్పు వెనక తోటల్లో నిలబడి చూసినవాళ్ల సాక్ష్యం ఉంది.

2023 అక్టోబరు 7న హమాస్ జరిపిన దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు. ఆ తర్వాత తోటల దారులు చాలాచోట్ల మూసేశారు. ఐక్యరాజ్యసమితి మానవతా విభాగం లెక్కల ప్రకారం ఆ సీజన్‌లో 96 వేల దునుములకు పైగా తోటల్లో కోత జరగలేదు. నాలుగు దునుములు ఇంచుమించు ఒక ఎకరం, అంటే 24 వేల ఎకరాలు. 2025 అక్టోబరులో సెటిలర్ల దాడులు 260 దాటాయి. 2006లో లెక్కలు మొదలయ్యాక అప్పటిదాకా ఏ నెలలోనూ అన్ని నమోదు కాలేదు. ఇజ్రాయెలీల భయం నిజమైనదే. కానీ ఆ భయానికి నిచ్చెన మీదున్న రైతు మూల్యం చెల్లించడం న్యాయం కాదు. తీర్పు ఇప్పటికీ ఉంది, దాన్ని అమలు చేయమని అడిగే గొంతులు ఇజ్రాయెల్ లోపలి నుంచే ఎక్కువగా రావాలి.

ఇంకో పని ఉంది, దాని మీద పెద్దగా ఎవరి దృష్టీ పడదు. మామిడిలాగే ఆలివ్ కూడా ఒక ఏడు విరగకాస్తే మరో ఏడు విశ్రమిస్తుంది. కాపు లేని ఏడాది కోత కొద్దిగానే ఉంటుంది, వలంటీర్లకు పిలుపులూ తగ్గుతాయి. అక్కడ 1858 నాటి ఒట్టోమన్ (తుర్కుల పాలన కాలపు) భూచట్టం ఇప్పటికీ చెల్లుతోంది. దాని ప్రకారం వరసగా మూడేళ్లు సాగు చేయని భూమిని ప్రభుత్వ భూమిగా ప్రకటించే వీలుంది. 1979 తర్వాత వెస్ట్ బ్యాంక్‌లో పెద్ద ఎత్తున అలాంటి ప్రకటనలకు ఆధారమైంది ఈ చట్టమే. అంచేత కాపు లేని ఏడాది శీతకాలంలో కొమ్మలు కత్తిరించడానికి, వసంతంలో చెట్ల మధ్య దున్నడానికి రైతు వెళ్లగలిగాడా లేదా అన్నది భూమి నిలబడే ప్రశ్న. ఆ రోజుల్లో ఇరవైమంది అక్కర్లేదు. రంపం పట్టడం తెలిసిన నలుగురు చాలు, ఫిబ్రవరిలో, చలిలో, తేదీ ముందే చెప్పి.