కేస్‌షీట్‌లో ఖాళీ గడి

కొవిడ్ రోజుల్లో బులెటిన్ తప్పేది కాదు. కొత్త కేసులు, డిశ్చార్జిలు, మరణాలు రోజూ తెలిసేవి. విశాఖ ప్రభుత్వ ఆస్పత్రులైన కేజీహెచ్‌లోనో విమ్స్‌లోనో పడక మీదున్న మనిషికి ఏ మందు ఏ రోజు మొదలైందన్నది మాత్రం అందులో ఉండేది కాదు. ఇంకో వైరస్ వచ్చేలోగా విశాఖ ఆస్పత్రులు సరిచేసుకోవాల్సింది ఇదే.

ఆక్సిజన్ సంగతే చూడండి. ‘ఆక్సిజన్ మీద ఉన్నారు’ అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ముక్కు గొట్టంతో నిమిషానికి 2 లీటర్లు, ఎన్‌ఆర్‌బీఎం (సంచి ఉన్న ఆక్సిజన్ మాస్కు)తో 15 లీటర్లు తీసుకునే ఇద్దరికీ శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 94 ఉండొచ్చు. మొదటి వ్యక్తి పీల్చేది సుమారు 28 శాతం ఆక్సిజన్, రెండో వ్యక్తి 80 శాతం దాకా. రెండో మనిషి ఐసీయూ గుమ్మంలో ఉన్నట్టు. కాబట్టి శాచురేషన్ పక్కనే పరికరం, లీటర్లు రాయాలి. రీడింగుకు ముందు వేలికి నెయిల్ పాలిష్ ఉందేమో, వేళ్లు చల్లబడ్డాయేమో చూడాలి. వరసగా నాలుగు రోజులు 96 అనే ఉంటే అది కొలిచిందో, నిన్నటి గడి చూసి దించిందో ఆరా తీయాలి.

స్టెరాయిడ్‌దీ ఇదే తంతు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు ఇస్తే ఆక్సిజన్ అవసరమైనవారిలో మరణాలు తగ్గుతాయని బ్రిటన్ రికవరీ ట్రయల్ 2020 జూన్‌లో తేల్చింది. ఆక్సిజన్ అక్కర్లేనివారికి మేలు కనబడలేదు. అందుకే మందు పేరొక్కటే చాలదు. డోసు, మొదలుపెట్టిన తేదీ, ఆరోజు ఆక్సిజన్ ఎంత, లక్షణాలు మొదలై ఎన్నో రోజు, షుగర్ రీడింగ్ కావాలి. స్టెరాయిడ్ షుగర్ పెంచుతుంది, ఆ గడి ఖాళీగా ఉంటే బ్లాక్ ఫంగస్ ముప్పు ముందే పసిగట్టలేం.

అయితే ఈ లెక్కలతో మందు పనిచేసిందని తీర్మానించకూడదు. ఐదో రోజున ఇంజెక్షన్ పడాలంటే రోగి ఐదో రోజు దాకా బతికుండాలి. అంతకుముందే పోయినవాళ్లు మందు పడనివారి లెక్కలోకి వెళ్తారు, అంటే ఆ లెక్క ముందే మందు వైపు మొగ్గింది. తేల్చాల్సింది ట్రయలే. 39 ఆస్పత్రుల్లో 464 మందిపై ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చేసిన ట్రయల్‌లో, కోలుకున్నవారి రక్తం నుంచి తీసిన ప్లాస్మా వల్ల ప్రయోజనం కనబడలేదు. అయినా 2021 మే దాకా అది మార్గదర్శకాల్లోనే ఉంది. వార్డు లెక్కల పని వేరు: తెలిసిన వైద్యం అందుతోందా లేదా చూపడం.

ఖాళీ గడికి ‘ఇవ్వలేదు’ అని అర్థం తీయడం పెద్ద పొరపాటు. ‘ఇవ్వలేదు’, ‘తెలియదు’ రెండూ విడిగా ఉండాలి. పీపీఈ వేసుకున్న నర్సు మీద ఈ రాతపని వేస్తే నిలవదు. వార్డులోంచి కాగితం బయటికి రాకూడదు గనక కేస్‌షీట్ ఫొటో తీసి పంపితే, బయట హౌస్ సర్జన్ కంప్యూటర్‌లోకి ఎక్కించొచ్చు. అందరివీ కుదరకపోతే చేరిన వరసలో ప్రతి ఐదో రోగిని తీసుకోవాలి, తేలికైన కేసులు ఏరుకోకూడదు.

రిఫరల్‌తో ఇంకో చిక్కు. అనకాపల్లిలో చేరి కేజీహెచ్‌లో చనిపోయిన రోగి అక్కడ డిశ్చార్జి, ఇక్కడ మరణం. ఒకే నంబరు రోగి వెంట రావాలి. లామా మీద (డాక్టర్లు వద్దన్నా సొంత నిర్ణయంతో) వెళ్లినవాళ్లకు 28వ రోజున ఫోన్ చేయాలి. పాడేరు నుంచో ఒడిశాలోని కోరాపుట్ నుంచో వచ్చినవాళ్లు తరచుగా అటెండెంట్ నంబరే ఇస్తారు, చేర్చుకునేటప్పుడే రెండో నంబరు కూడా రాసుకోవాలి.