39 శాతానికి 63 సెంట్లు

పదెకరాల మాగాణి ఉందనుకోండి. అన్నదమ్ములిద్దరు. కాగితాల ప్రకారం అన్న వాటా నూటికి 55, తమ్ముడిది 39, మిగతా చిల్లర దూరపు చుట్టాలది. పెద్దమనుషులు కూర్చుని, సర్వేయరు చేత గొలుసు లాగించి, అన్నకి 9 ఎకరాల 37 సెంట్లు, తమ్ముడికి 63 సెంట్లు అని తేల్చారు. చుట్టాలకి గట్టు కూడా దక్కలేదు. ఆ పెద్దమనుషులు మళ్ళీ ఆ ఊళ్ళో రచ్చబండ ఎక్కగలరా?

2024లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీని సరిగ్గా ఈ కొలతలతోనే పంచాం. తెలుగుదేశం-జనసేన-బీజేపీ కూటమికి 55 శాతం ఓట్లు, 175లో 164 సీట్లు. వైఎస్సార్ కాంగ్రెస్‌కి 39 శాతం, 11 సీట్లు. 2019లో ఇదే 39 శాతం తెలుగుదేశానికి వస్తే 23 సీట్లు చేతిలో పెట్టి పంపాం. 50 శాతం దగ్గరికొచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ 151 పట్టుకుపోయింది. అంటే ఐదేళ్ళలో 39 శాతం ధర సగానికి పైగా పడింది. మదనపల్లె యార్డులో టమాటాకి తప్ప ఇంత పతనం ఇంకెక్కడా చూడం.

పద్ధతిలో తప్పుందని నేననను. సగంలో ఆపేశామన్నదే నా బాధ. నియోజకవర్గంలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడు గెలుస్తాడు, మిగతా ఓట్లకి లెక్కలో పనిలేదు. మరి ఆ 39 శాతం మందికి పోలింగ్ స్లిప్పుతో పాటే 'తమరు రానక్కర్లేదు' అని చీటీ పంపితే మే నెల ఎండలో క్యూ తప్పుతుంది, వేలి సిరా మిగులుతుంది.

మెజారిటీల సంగతీ అంతే. 1989లో అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్లతో. 1991 నంద్యాల ఉపఎన్నికలో పి.వి. నరసింహారావు మెజారిటీ 5 లక్షల పైచిలుకు. లోక్‌సభలో ఇద్దరికీ తలా ఒక కుర్చీయే. కిరాణా కొట్టువాడైనా చిల్లర లేకపోతే చాక్లెట్ చేతిలో పెడతాడు. ఇక్కడ లక్షల్లో మిగిలిపోయినా అదీ లేదు.

అసలు కనీసార్హత అనేది ఒకటుందిగానీ, అది ఓడినవాడికి. ఎంపీగా పోటీ చేసి ఓడినవాడు డిపాజిట్ 25 వేలు వెనక్కి తీసుకోవాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. గెలిచి ఢిల్లీ వెళ్ళడానికి ఇంత శాతం రావాలన్న నిబంధన ఏదీ లేదు. పాతిక వేల దగ్గర చట్టం అంత పట్టుదలగా ఉంటుంది.

ఇంతకంటే మంచి పద్ధతి లేదా అంటే, ఉంది. గెలిచినవాళ్ళు దాన్ని తమ కోసం భద్రంగా అట్టేపెట్టుకున్నారు. రాజ్యసభకి ఎమ్మెల్యేలు 1, 2, 3 అని ప్రాధాన్యం రాసి ఓటేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో మూడు సీట్లు ఖాళీ అయితే 44 మంది ఎమ్మెల్యేలున్న పార్టీకి ఒక సీటు ఖాయం. పావు వంతు బలముంటే వాటా దక్కి తీరుతుంది. ఎమ్మెల్యేల మధ్య అన్యాయం జరిగితే దేశం ఏమైపోవాలి?

సామాన్యుడికి ఆ అంకెలు అర్థం కావని ఒక అభ్యంతరం ఉంది. కొట్టిపారేయలేం, ఎందుకంటే పట్టభద్రులకే అర్థం కాలేదు. వాళ్ళు ఇదే పద్ధతిలో ఓటేసే ఎమ్మెల్సీ ఎన్నికలో పోలింగ్ బూత్‌లో ఇచ్చే వంకాయరంగు స్కెచ్ పెన్నుతోనే రాయాలి. 1 అంకె ఒక్క పేరు పక్కనే ఉండాలి. టిక్కు కొడితే చెల్లదు, 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తే చెల్లదు, సంతకం పెడితే చెల్లదు, 1 వదిలేసి 2, 3 వేసినా చెల్లదు. 2021లో నల్లగొండ-ఖమ్మం-వరంగల్ పట్టభద్రుల స్థానంలో 71 మంది పోటీచేశారు. డిగ్రీ చేతబట్టుకుని వేసిన ఓట్లలో 21 వేల పైచిలుకు చిత్తయ్యాయి. చివరివాణ్ణి తీసేసి అతని ఓట్లు రెండో ప్రాధాన్యానికి పంచుతూ పోయేసరికి లెక్క తేలడానికి నాలుగు రోజులు పట్టింది.

సరే, అంకెలు వద్దు. 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో తేలిక దారే చెప్పింది. లోక్‌సభకి మరో పాతిక శాతం సీట్లు కలిపి, వాటిని మాత్రం పార్టీల ఓట్ల శాతాన్ని బట్టి పంచమంది. ఓటరు కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. నివేదిక ఇప్పటికీ చెక్కుచెదరలేదు, ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి.

నిజాయితీగా ఒక ప్రమాదం కూడా చెప్పాలి. అన్ని సీట్లనీ ఉన్నదున్నట్టు శాతంతో పంచితే 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి 87 వచ్చేవి. కావాల్సినవి 88. ఆ ఒక్కడి కోసం ఎన్ని ఏసీ బస్సులు, ఎన్ని రిసార్టు గదులు, ఎన్ని రోజులు!

అందుకే కాబోలు, ఓడినవాళ్ళు కూడా ఈ జోలికి రారు. 2019లో తెలుగుదేశం, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీలు సగం లెక్కపెట్టాలంది. 2024 అయ్యాక వైఎస్సార్ కాంగ్రెస్ పేపర్ బ్యాలెట్ కావాలంది. ఇద్దరి అనుమానమూ మిషన్ మీదే. 39ని 11గా, 23గా చేసే ఆ గుణకారం మీద మాత్రం ఎవరికీ ఫిర్యాదు లేదు. వచ్చేసారి అది తమ వైపు తిరగొచ్చు కదా.