అమ్మ పొట్టిదైపోతుంటే చూస్తూ ఊరుకున్నాం

మా అమ్మకు 66 ఏళ్లు. దేవుడి అలమార పై అరలో ఉన్న ఒత్తుల డబ్బా అందడం లేదని నిరుడు అన్నది. ఎప్పుడూ కట్టుకునే లంగాయే, అంచు నేలకు రాస్తోందని కూడా అన్నది. ఎవరమూ పట్టించుకోలేదు. నడుం నొప్పంటే వయసు మీద పడిందిలే అని తైలం రాశాం. చివరికి ఎక్స్‌రే తీయిస్తే రెండు వెన్నుపూసలు ముందువైపు నలిగి కుంగిపోయి ఉన్నాయి. ఆమె ఎక్కడా జారిపడలేదు. నీళ్ల బకెట్ ఎత్తింది, అంతే.

ఎముకంటే ఇంటి దూలం లాంటిదని మనం అనుకుంటాం. కానే కాదు, అది బతికున్న అవయవం. ఒక రకం కణాలు పాత ఎముకను కరిగించి తవ్వుకుంటూ పోతే, వెనకే మరో రకం కణాలు వచ్చి కొత్త ఎముకతో ఆ గుంతలు పూడుస్తాయి. పెద్దవాళ్ల ఎముకల్లో సుమారు పదో వంతు ఏటా ఇలా కొత్తదవుతుంది. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం అక్కడే ఉంటుంది. రక్తంలో అది కాస్త తగ్గినా గుండెకు, కండరాలకు ముప్పు. అందుకే తిండిలో చాలకపోతే శరీరం ఎముకనే కరిగించి వాడుకుంటుంది. మా ఇంట్లో పాలు నాన్నకు, పిల్లలకు పోశాక అమ్మకు మిగిలింది గిన్నె అడుగు మీగడే.

ముట్లు ఆగాక, ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోతుంది. తవ్వకం పెరుగుతుంది, పూడిక వెనకబడుతుంది. ఎముక లోపలి తేనెపట్టు లాంటి అల్లిక గుల్లబారుతుంది. వెన్నుపూసలో ఎక్కువ భాగం ఆ అల్లికే.

నాకు అసలు కోపం ఆడపిల్లల విషయంలో. ఎముక గట్టిపడేది దాదాపు 30 ఏళ్ల లోపే, అదీ బరువు పడితేనే. టెన్నిస్ ఆటగాళ్లకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతిదానికన్నా లావుగా ఉంటుంది. బరువు తెలియని అంతరిక్షంలో వ్యోమగాములకు తుంటి ఎముక నెలకు ఒక శాతానికి పైగా తరుగుతుంది. అలాంటిది, పెద్దమనిషి కాగానే పిల్లను ఆటలు మాన్పిస్తాం, ఎండలోకి పోతే నల్లబడతావంటాం. నా కూతురి బడిలో ఆటల పీరియడ్ లెక్కలకు ఇచ్చేస్తున్నారు. వెళ్లి గట్టిగా అడిగాను, మళ్లీ అడుగుతాను.

మీ ఇంట్లో అరవై దాటిన ఆడవాళ్లుంటే ఇవాళే గోడకు నిలబెట్టి ఎత్తు కొలవండి. వయసులో ఉన్నప్పటికన్నా నాలుగు సెంటీమీటర్లు తగ్గి ఉంటే, నొప్పి లేకపోయినా వెన్ను ఎక్స్‌రే తీయించండి.