నిపుణుడికి కేసు కథ ఎందుకు?

2004లో మాడ్రిడ్‌ రైళ్లలో బాంబు పేలుళ్ల తర్వాత, డిటొనేటర్లున్న ఓ సంచి మీద వేలిముద్ర దొరికింది. అది అమెరికాలోని ఓ న్యాయవాదిదేనని ఎఫ్‌బీఐ తేల్చేసింది. ఆ సంస్థ నిపుణులు ముగ్గురు ఒకే మాటన్నారు, కోర్టు ద్వారా వచ్చిన నాలుగో నిపుణుడూ ఔనన్నాడు. న్యాయవాది రెండు వారాలు నిర్బంధంలో ఉన్నాక, ఆ ముద్ర వేరొకరిదని స్పెయిన్‌ పోలీసులు తేల్చారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. రెండు ముద్రలూ బాగా దగ్గరగా ఉన్న మాట నిజమే. కానీ తర్వాత చూసినవాళ్లకు మొదటి జవాబు ముందే తెలుసు. దాన్ని మళ్లీ పరీక్షించడం అంటారా?

ఫోరెన్సిక్‌ సైన్స్‌ విలువను మేం తక్కువ చేయడం లేదు. ఇంగ్లండ్‌లో 1986లో డీఎన్‌ఏ పరీక్షను తొలిసారి హత్య కేసులో వాడినప్పుడు, నేరం ఒప్పుకున్న కుర్రాడే నిర్దోషి అని తేలింది. అసలు హంతకుడు దొరికింది ఆ తర్వాతే.

మరో చిక్కు ల్యాబ్‌ చెప్పినదాన్ని కోర్టు ఎలా అర్థం చేసుకుంటుందన్న దగ్గర ఉంది. ఈ డీఎన్‌ఏ గుర్తులు లక్షమందిలో ఒకరికే ఉంటాయని రిపోర్టు వచ్చిందనుకుందాం. వినగానే నిందితుడు నిర్దోషి అయ్యే అవకాశం లక్షలో ఒక వంతేనని అనిపిస్తుంది. అది తప్పు. 50 లక్షల జనాభా ఉన్న నగరంలో అవే గుర్తులున్నవాళ్లు సుమారు 50 మంది ఉండొచ్చు. వాళ్లలో ఇతనే ఎందుకన్నది మిగతా సాక్ష్యం చెప్పాలి. ఈ తేడాను జడ్జికి విడమరిచి చెప్పే బాధ్యత నిపుణుడిదే, డిఫెన్స్‌ లాయరు అడిగేదాకా ఆగడం కాదు. తల వెంట్రుకలను మైక్రోస్కోపులో పోల్చి ఎఫ్‌బీఐ నిపుణులు ఇచ్చిన పాత సాక్ష్యాలను తిరగేస్తే, పరిశీలించిన వాటిలో కనీసం 90 శాతం కేసుల్లో తప్పుడు మాటలున్నాయని 2015లో ఆ సంస్థే ఒప్పుకుంది.

నిందితుడు నేరం ఒప్పుకున్నాడా, పాత కేసులున్నాయా అన్నది వేలిముద్రలు చూసే మనిషికి అనవసరం. దర్యాప్తు అధికారి ఆ సంగతులు ల్యాబ్‌కు పంపకూడదు. రెండోసారి పరీక్షించే నిపుణుడికి మొదటి ఫలితం తెలియకూడదు. ల్యాబులు పోలీసుల అజమాయిషీలో ఉండరాదని అమెరికా జాతీయ సైన్సెస్‌ అకాడమీ నివేదిక 2009లోనే చెప్పింది. ఇలా విడివిడిగా పరీక్షించడానికి ఎక్కువమంది నిపుణులు కావాలి, ఆలస్యమూ అవుతుందన్న వాదనలో నిజముంది. అన్ని కేసుల్లో కుదరకపోతే, ఒక్క ఫోరెన్సిక్‌ అభిప్రాయం మీదే శిక్ష ఆధారపడ్డ కేసులతోనైనా మొదలుపెట్టాలి.