మహారాజశ్రీ హాలీహాక్ గారికి

మహారాజశ్రీ హాలీహాక్ పూలమొక్క గారి దివ్యసముఖానికి,

పెరటి గోడ వారన, ఎండ బాగా తగిలే చోటు చూసి మీకు ఆశ్రయమిచ్చిన నేను నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఉత్తరాల్లో ఆనవాయితీ. పొద్దున మీ కింది ఆకు ఒకటి వెనక్కి తిప్పి చూశాక ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు మొదటి ఏడాది లెక్క తేల్చుకుందాం. విత్తనాల పాకెట్ మీద మీ ఫోటో చూసి పడిపోయాను. గోడను మించిన ఎత్తు, కింద నుంచి పైదాకా పూలే పూలు. గింజ మీద సన్నగా మట్టి కప్పి రోజూ తడిపాను. రెండు వారాల్లోపే మొలిచారు, సంతోషం. ఆ తర్వాత ఏడాదంతా నేలకి అతుక్కుని, గుండ్రంగా ఆకులు పరుచుకుని తిష్ఠ వేశారు. పువ్వు మాట దేవుడెరుగు, కాడైనా లేవలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఇదేం ఆకుకూరండీ?" అని అడగడమే. పూలమొక్క అంటే నావంక జాలిగా చూశారు. మొదటి ఏడు ఆకు, రెండో ఏడు పువ్వు అని పాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉందిలెండి. కళ్లజోడు పెట్టుకోకుండా కొన్న తప్పు నాదే.

అయినా మీ వంశంలో అందరూ ఇలాగే ఉన్నారా? బెండ మీ చుట్టమే, నెలన్నరకే పూత చూపిస్తుంది. మందార కూడా మీ బంధువే. పువ్వు మధ్యలో కేసరాలన్నీ కలిసి నిలబడే ఆ కాడ మీ ఇద్దరికీ ఉంది. ముక్కు పోలిక వచ్చింది గానీ బుద్ధి పోలిక రాలేదు.

చోటు మారుద్దామని ఒక పిల్లమొక్కను పారతో లేపాను. తల్లివేరు పాతాళం దాకా దింపుకుని కూర్చున్నారని అప్పుడే తెలిసింది. సగం తెగి నేలలోనే ఉండిపోయింది. వారం రోజులు అలిగి అది కాస్తా ఎండిపోయింది.

రెండో ఏడు మాత్రం ఒక్కసారిగా లేచారు. నా నడుము, నా భుజం దాటి ఏడడుగులకు పోయారు. అంత పొడుగు పెరిగిన పెద్దమనుషులు నిలబడ్డానికి నా సాయం కావాలట. ఓ గాలి రాత్రి ముగ్గురు బోర్లా పడ్డారు. తెల్లారి కర్రలు పాతి, గుడ్డపేలికలతో కట్టి నిలబెట్టాను. పూయడంలోనూ నిదానమే. కింద నుంచి పైకి వరసగా విచ్చుకుంటూ పోతారు, పై మొగ్గ కళ్లు తెరిచేసరికి కింద కాయలు కట్టేస్తాయి. ఆ పాకెట్ మీది ఫోటో ఎవరు, ఎలా తీశారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇక ఆకు వెనక సంగతి. పైన పసుపు చుక్కలు, వెనక ఇటుకరంగు పొక్కులు. తుప్పు తెగులు. చిలీ దేశంలో మొదట కనిపించిన ఈ శిలీంధ్రం 1869లో ఐరోపాలో దిగింది, 1873కల్లా ఇంగ్లండు చేరింది. అక్కడ పూల పోటీల్లో వెలిగిపోతున్న మీవాళ్లు కొన్నేళ్లలోనే కుదేలయ్యారు. నూటయాభై ఏళ్లు గడిచినా ఆ చుట్టాన్ని మాత్రం వదిలించుకోలేదు. మీ ఆకు తడవకూడదు కాబట్టి నేను వంగి పాదులోనే నీళ్లు పోయాలి. మచ్చలున్న ఆకులు ఏరి, ఎరువుగుంటలో వెయ్యకుండా దూరంగా పారెయ్యాలి. ఇంతా చేశాక ఒక్క వాన పడితే చాలు, చినుకుల చిందులతో పాటే తెగులు పై ఆకుకి ఎక్కుతుంది. వానని ఆపే డ్యూటీ కూడా నాదేనా అండీ?

కింది ఆకులన్నీ తీసేశాక మీ వాలకం చూడాలి. నెత్తిన పూలపాగా, మోకాళ్లదాకా బోసికాళ్లు. పైన పటారం, కింద లొటారం. నలుగురిలో పరువు పోకుండా ముందు వరుసలో బంతి నాటాను. అంటే మీకు పంచె కట్టిందీ నేనే. వాన్ గో 1886లో మిమ్మల్ని పూలకూజాలో పెట్టి బొమ్మ వేశాడు. తెలివైనవాడు, ఆకుల గొడవ లేకుండా కోసి పెట్టుకున్నాడు.

అబద్ధం ఎందుకు, ఒకరోజు మీ పువ్వులోంచి ఓ తుమ్మెద పిండిమరలో దొర్లి వచ్చినట్టు ఒళ్లంతా పుప్పొడితో బయటికొచ్చింది. ఆ పూటకి మీ మీద కోపం రాలేదు.

మీ నల్లపూల గింజలు విడిగా పొట్లం కట్టి పేరు రాసి పెట్టాను. తేనెటీగలు ఎవరెవరికి సంబంధాలు కలిపాయో, మొలిచి పూసేదాకా ఆ పేరు ఉత్తదే. మెత్తగా దున్ని తయారుచేసిన మడిలో సగం గింజలు మొలవలేదు గానీ, కుళాయి పక్కన గచ్చు పగులులో ఎవరూ చల్లని పిల్ల ఒకటి లేచింది. సరిగ్గా నడిచే దారిలో. నిన్న పీకేద్దామని వంగాను. ఆకు వెనక్కి తిప్పి చూశాను, ఒక్క మచ్చ లేదు. ఆకు తడవకుండా చెంబుడు నీళ్లు పోసి వచ్చాను.

ఇట్లు,
మీ పాదుదాసుడు