బూటులోని సెన్సర్ బూటకం కాదు

బూటు అడుగున చిన్న సెన్సర్ పెట్టుకుని పాటలు వింటూ పరిగెడితే, ఆ మ్యూజిక్ ప్లేయరే దూరం, వేగం చెప్పే ఏర్పాటు ఒకటి ఉండేది. దానిమీద ఒక మెసేజ్ చాలాకాలంగా చేతులు మారుతోంది. అందులో ఉన్నదంతా క్లుప్తంగా ఇది: "షూ సెన్సర్ అంటే పేరు మార్చిన పెడోమీటర్. అడుగులు లెక్కపెట్టి, మీ ఎత్తుని బట్టి గుణించి ఏదో అంకె చూపిస్తుంది. కేలిబ్రేషన్ అనేది కస్టమర్‌ని నమ్మించడానికి పెట్టిన తంతు. ఆ కంపెనీ బూట్లే కొనాలి, వేరేవాటిలో పనిచేయదు. బ్యాటరీ మార్చలేం కాబట్టి కొన్ని వారాలకే చెత్తబుట్ట పాలు. మీరెక్కడ తిరుగుతున్నారో కంపెనీకి చేరవేస్తుంది. పాటల హంగామా ఒట్టి గిమ్మిక్కు. జీపీఎస్ వచ్చాక దీనితో పనే లేదు, అందుకే కంపెనీలే వదిలేశాయి."

ఇందులో నిజం బొత్తిగా లేదని అనను. ఈ పరికరంలో లోపాలున్నాయి, వాటిలో కొన్ని పెద్దవే. కానీ మెసేజ్ రాసినవాళ్లు ఉన్న లోపాలని వదిలేసి లేనివాటిని పట్టుకున్నారు. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు ఆ వస్తువేమిటో చెప్పాలి. 2006 మే నెలలో నైకీ, ఆపిల్ కంపెనీలు కలిసి నైకీ ప్లస్ ఐపాడ్ స్పోర్ట్ కిట్‌ని ప్రకటించాయి. జూలైలో 29 డాలర్లకు అమ్మకానికి పెట్టాయి. అందులో ఉండేవి రెండే ముక్కలు. ఒకటి ఆరున్నర గ్రాముల సెన్సర్, ఎడమ బూటులో ఇన్‌సోల్ కింద కూర్చునేది. రెండోది ఐపాడ్ నానో అనే ఆపిల్ మ్యూజిక్ ప్లేయర్ అడుగున ఛార్జింగ్ కేబుల్ పెట్టేచోట గుచ్చుకునే బుల్లి రిసీవర్. సెన్సర్ రేడియో ద్వారా సమాచారం పంపుతుంది, నానో దాన్ని అందుకుని లెక్క కడుతుంది. 2008లో వచ్చిన రెండో తరం ఐపాడ్ టచ్‌లో, 2009లో వచ్చిన ఐఫోన్ 3జీఎస్‌లో ఆ రిసీవర్‌ని లోపలే పెట్టేశారు.

ఇక పెడోమీటర్ సంగతి. మెసేజ్ అన్నిటికన్నా గట్టిగా పప్పులో కాలేసింది ఇక్కడే.

పెడోమీటర్ ఒంటి కుదుపుని లెక్కపెడుతుంది. ఒక్కో కుదుపు ఒక అడుగు. ఆ సంఖ్యని ముందే ఇచ్చిన అడుగు పొడవుతో గుణిస్తుంది. నడకలో ఈ లెక్క ఫరవాలేదు, పరుగులో మాత్రం బెడిసికొడుతుంది. ఎందుకంటే వేగం పెంచేటప్పుడు మనం అడుగుల సంఖ్యని కొద్దిగానే పెంచుతాం, అడుగు పొడవుని చాలా పెంచుతాం. మెల్లగా జాగింగ్ చేసేటప్పుడు నిమిషానికి 160 అడుగులు వేసే మనిషి, దానికి ఒకటిన్నర రెట్ల వేగంతో పరిగెత్తినప్పుడు 180 వేస్తున్నాడనుకుందాం. అడుగులు పెరిగింది ఎనిమిదో వంతే. మిగతా వేగమంతా పొడవాటి అంగల వల్ల వచ్చింది. అడుగు పొడవు మారలేదనుకుని గుణించే యంత్రం ఆ వేగపు పరుగులో పావు వంతు దూరాన్ని మింగేస్తుంది.

షూ సెన్సర్ అడిగే ప్రశ్న వేరు. ఎన్ని అడుగులు అని కాదు, పాదం నేల మీద ఎంతసేపు ఆనింది అని. లోపల ఉన్న పీజో పలక ఒత్తిడికి, కుదుపుకి విద్యుత్ సంకేతం ఇస్తుంది. పాదం నేలని తాకిన క్షణం, వదిలిన క్షణం ఆ సంకేతంలో విడివిడిగా కనిపిస్తాయి. మెల్లగా పరిగెత్తేవాళ్ల పాదం సుమారు 0.3 సెకను నేల మీద ఉంటుంది. గొప్ప స్ప్రింటర్లకైతే 0.1 సెకను దగ్గరికి వచ్చేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆనే సమయం తగ్గుతుంది, ఆ తగ్గుదల క్రమంగా, నమ్మదగినట్టుగా ఉంటుంది. కాబట్టి ఆనిన సమయం నుంచి వేగాన్ని, వేగం నుంచి దూరాన్ని రాబట్టొచ్చు. అంగ పొడవు ముందే తెలియాల్సిన అవసరమే లేదు.

ఎత్తు సంగతికి వస్తే, నానో సెట్టింగ్స్‌లో బరువు అడుగుతుంది. ఎత్తు అడిగే చోటే లేదు. మెసేజ్ రాసినవాళ్లు ఆ మెనూ ఒక్కసారైనా తెరిచి చూసినట్టు లేదు.

కేలిబ్రేషన్ తంతు అనడం ఇంకా విచిత్రం. ఆనిన సమయానికి, వేగానికి ఉన్న సంబంధం అందరిలో ఒకే తీరుగా ఉంటుంది కానీ ఒకే అంకెలతో ఉండదు. మడమ ముందు మోపేవాళ్లు, మునివేళ్ల మీద పరిగెత్తేవాళ్లు, బరువైనవాళ్లు, బక్కవాళ్లు ఒకే వేగంలో వేరువేరు సమయాలు చూపిస్తారు. పెట్టెలోంచి తీసిన సెన్సర్ సగటు మనిషిని ఊహించుకుని లెక్క చెబుతుంది. మీరు ఆ సగటు మనిషి కాకపోతే తేడా వస్తుంది. కొలత తెలిసిన చోట కనీసం 400 మీటర్లు పరిగెత్తి "ఇది 400" అని దానికి చెప్పడమే కేలిబ్రేషన్. నడకకి ఒకసారి, పరుగుకి ఇంకోసారి చేయాలి, ఎందుకంటే ఆ రెండిట్లో పాదం ఆనే తీరే వేరు.

దీని విలువ తెలియాలంటే చిన్న లెక్క వేయండి. ట్రాక్ మీద ఒక చుట్టుకి 400 బదులు 430 మీటర్లు చూపిస్తే తేడా ఏడున్నర శాతం. అలాగే వదిలేస్తే 5 కిలోమీటర్ల పరుగులో అది 375 మీటర్లవుతుంది. ఆ ప్లేయర్ 5 కిలోమీటర్లు పూర్తయ్యాయని మెచ్చుకునేసరికి మీరు నిజంగా పరిగెత్తింది 4,650 మీటర్లే. సెన్సర్ అబద్ధమని తిట్టేవాళ్లలో చాలామంది ఈ పని చేయకుండా తిట్టేవాళ్లే. చేసేవాళ్లు కూడా ఒక పొరపాటు చేస్తారు. ప్రామాణిక ట్రాక్‌లో 400 మీటర్లు అంటే లోపలి మొదటి లేన్ ఒక్కటే. బయటి ఎనిమిదో లేన్‌లో పూర్తి చుట్టు వేస్తే దాదాపు 453 మీటర్లు వస్తుంది. అక్కడ పరిగెత్తి 400 అని చెబితే సెన్సర్‌కి మనమే తప్పు నేర్పినట్టు.

అలాగని కేలిబ్రేషన్ అయ్యాక కచ్చితమైన కొలత వస్తుందని కూడా అనుకోవద్దు. నిదానంగా కేలిబ్రేట్ చేసి ఆ తర్వాత వేగంగా పరిగెత్తితే తేడా మళ్లీ తలెత్తుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బాగా అలసిపోయినప్పుడు అడుగు పడే తీరు మారుతుంది, లెక్క కూడా కొంత మారుతుంది. అయితే ఒకే మనిషి, ఒకే బూట్లు, అలవాటైన వేగం అయితే ఆ తేడా రోజూ ఇంచుమించు ఒకే వైపు, ఒకే మోతాదులో ఉంటుంది. ప్రతిసారీ పది గ్రాములు తక్కువ తూగే రాయితో కూడా ఈ వారం సరుకు పోయిన వారం కన్నా పెరిగిందో తగ్గిందో చెప్పొచ్చు కదా. వ్యాయామంలో మనకి ముఖ్యంగా కావలసింది ఆ తేడాయే. రికార్డు పుస్తకంలోకి ఎక్కించాలంటే మాత్రం ఇది చాలదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

"ఆ కంపెనీ బూట్లే కొనాలి" అన్నది అమ్మేవాళ్లకి ఇష్టమైన మాట, నిజం కాదు. ఆ బూట్లలో సెన్సర్‌కి గుంట ఉండేది, అంతే. లేసులకి కట్టుకునే చిన్న సంచీలు బయట అమ్మేవారు, కొందరు వెల్క్రోతో అంటించుకునేవారు. సెన్సర్‌కి బూటు బ్రాండ్ తెలియదు. అది బల్లపరుపుగా, కదలకుండా ఉండాలి, చోటు మార్చాక మళ్లీ కేలిబ్రేట్ చేయాలి. వదులుగా ఊగుతుంటే మాత్రం లెక్క గోవిందా.

బ్యాటరీ విషయంలో మెసేజ్ సగం సరిగ్గానే చెప్పింది. సెన్సర్‌ని మూసి సీలు వేశారు, బ్యాటరీ అయిపోతే కొత్త సెన్సర్ కొనుక్కోవాల్సిందే. ఇది నాకూ నచ్చని డిజైన్. కానీ "కొన్ని వారాలు" అన్న లెక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? కంపెనీ చెప్పిన ఆయుష్షు 1,000 గంటల వాడకం. రోజుకో గంట పరిగెత్తితే రెండున్నరేళ్లు దాటుతుంది. తిరకాసు ఏమిటంటే, కదలిక తగిలితే సెన్సర్ మేలుకుంటుంది. అవే బూట్లు రోజంతా వేసుకుని ఎనిమిది గంటలు తిరిగితే 125 రోజుల్లో ఆ గంటలన్నీ ఖర్చు. పరుగు అయ్యాక సెన్సర్ తీసేయడమో, దాని మీదున్న చిన్న బటన్‌ని పెన్ను మొనతో నొక్కి పట్టి నిద్రపుచ్చడమో చేస్తే సరిపోయేది. ఈ సంగతి తెలియకే చాలామంది సెన్సర్లు ముందుగా చచ్చిపోయాయి.

నిఘా ఆరోపణ దగ్గర కాస్త ఆగాలి. ఇందులో గాలికబుర్లు, గట్టి విషయం రెండూ కలిసిపోయాయి. సెన్సర్‌లో జీపీఎస్ లేదు, ఇంటర్నెట్ లేదు. తానెక్కడుందో దానికే తెలియదు, ఇక కంపెనీకి ఏం చెబుతుంది? అయితే ప్రతి సెన్సర్‌కీ మారని ఒక గుర్తింపు సంఖ్య ఉంది. నడుస్తున్నంతసేపూ దాన్ని రేడియోలో చాటుతూనే ఉంటుంది, జేబులో ప్లేయర్ లేకపోయినా సరే. 2006 చివర్లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు దీన్నే బయటపెట్టారు. చవకగా దొరికే భాగాలతో రిసీవర్లు తయారుచేసి, సుమారు 18 మీటర్ల దూరం నుంచి కూడా ఫలానా సెన్సర్ ఇటు వచ్చిందని పసిగట్టొచ్చని చూపించారు. అంటే భయపడాల్సింది ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్ గురించి కాదు. నాలుగు చోట్ల నాలుగు రిసీవర్లు దాచిపెట్టి ఒక మనిషి రాకపోకల్ని గమనించాలనుకునే, దగ్గర్లోనే ఉన్న వ్యక్తి గురించి. మెసేజ్ అసలు ప్రమాదాన్ని వదిలేసి లేని ప్రమాదంతో టెన్షన్ పెట్టింది.

పాటలు గిమ్మిక్కా? సంగీతానికి, పరుగుకి ఉన్న సంబంధం మీద లండన్‌లోని బ్రునెల్ యూనివర్సిటీకి చెందిన కోస్టాస్ కరాజోర్గిస్ ఏళ్ల తరబడి పనిచేశారు. తక్కువ, మధ్యస్థ శ్రమలో సంగీతం అలసట తెలియకుండా చేస్తుందని, శ్రమ బాగా తీవ్రమైనప్పుడు ఆ ప్రభావం సన్నగిల్లుతుందని ఆ రంగంలోని పరిశోధనలు చెబుతాయి. నిజంగా గిమ్మిక్కే అయితే అమెరికా అథ్లెటిక్స్ సమాఖ్య పోటీల్లో హెడ్‌ఫోన్లని నిషేధించి ఉండేది కాదు. భద్రతతో పాటు, పోటీలో అదనపు లాభం రాకూడదన్నది కూడా వాళ్లు చెప్పిన కారణమే. తర్వాత 2008 చివర్లో ఆ నిబంధనని సడలించి, ముఖ్యంగా బహుమతుల కోసం పోటీపడేవాళ్లకి పరిమితం చేశారు.

నా మటుకు పాట కన్నా మాటే ఎక్కువ ఉపయోగపడింది. మధ్య బటన్ నొక్కితే పాట తగ్గి, ఇప్పటిదాకా ఎంత సమయం, ఎంత దూరం, ఏ పేస్ (కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు) అన్నది ఒక గొంతు చెబుతుంది. మణికట్టు ఎత్తి చూడనక్కర్లేదు, నడక ఆపనక్కర్లేదు. బటన్‌ని నొక్కి పట్టుకుంటే ముందే ఎంచుకున్న పవర్‌సాంగ్, అంటే ఊపు తెప్పించే పాట, మొదలవుతుంది. దాన్ని ఆఖరి కిలోమీటరుకి దాచుకోవాలి. మొదట్లోనే వాడేస్తే మాత్రం మెసేజ్ అన్నట్టు అది గిమ్మిక్కే.

విచిత్రం ఏమిటంటే, నిజంగా తిట్టాల్సిన అంకెని మెసేజ్ అసలు ముట్టుకోలేదు. అది కేలరీల అంకె. మీరిచ్చిన బరువు, తాను కొలిచిన దూరం, ఈ రెండే దానికి ఆధారం. పరుగులో కిలో బరువుకి కిలోమీటరుకి ఒక కిలోకేలరీ అన్నది అందరూ వాడే మోటు లెక్క. దాని ప్రకారం 70 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరిగెత్తితే 350. చదునైన దారి అయినా, నిట్టనిలువు ఎక్కుడు అయినా, ఎదురుగాలి అయినా ఈ అంకె ఇంచుమించు అంతే. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో బూటుకి ఎలా తెలుస్తుంది? ఆ అంకె చూసి తిండి లెక్కలు వేసుకునేవాళ్లకి నా సలహా ఒకటే, వేసుకోవద్దు. సైకిల్ తొక్కినా, బరువులు ఎత్తినా ఈ సెన్సర్‌కి పట్టదు. కాబట్టి అది మొత్తం వ్యాయామాన్ని కొలుస్తుందనడం కూడా ఎక్కువే.

ఇక జీపీఎస్. ఆరుబయట, ఆకాశం తెరిపిగా ఉన్న దారిలో, పెద్ద దూరాలకి జీపీఎస్సే మెరుగు, అందులో వాదన లేదు. దానికి కేలిబ్రేషన్ బెడద లేదు, దారి పటం కూడా ఇస్తుంది. కానీ మామూలు ఫోన్ జీపీఎస్ ఒక్కో బిందువుని కొన్ని మీటర్ల తేడాతో గుర్తిస్తుంది. ఎత్తైన భవనాల మధ్య, దట్టమైన చెట్ల కింద ఆ తేడా పెరుగుతుంది. మలుపుల్ని అది కోసేస్తుంది, తిన్నని దారిని వంకర్లు తిప్పుతుంది. ఇంతకన్నా పెద్ద చిక్కు ఈ క్షణంలో వేగం ఎంత అన్నది. బిందువులు అటూఇటూ దూకుతుంటే ఆ అంకె కూడా దూకుతుంది. పాదానికి కట్టిన సెన్సర్ వేగం మారిన కొన్ని అడుగుల్లోనే పట్టేయగలదు. ట్రెడ్‌మిల్ మీదైతే జీపీఎస్‌కి మీరు ఉన్నచోటే ఉన్నారు, షూ సెన్సర్‌కి మీరు పరిగెడుతున్నారు. గార్మిన్, స్ట్రైడ్ లాంటి కంపెనీలు జీపీఎస్ వాచీలతో పాటు వాడుకునే ఫుట్‌పాడ్‌లు (బూటుకి తగిలించుకునే సెన్సర్లు) అమ్మింది ఈ కారణాలతోనే. కాలం చెల్లిన ఆలోచనైతే వాటిని కొనేవాళ్లెవరు?

"కంపెనీలే వదిలేశాయి" అన్నది నిజమే. ఫోన్లోనే జీపీఎస్, కదలికని కొలిచే యాక్సిలరోమీటర్ రెండూ వచ్చేసరికి విడిగా ఒక సెన్సర్ అమ్మాల్సిన అవసరం వాళ్లకి పోయింది. 2018 ఏప్రిల్ 30న నైకీ తన పాత వాచీలకి, బ్యాండ్లకి, పాత యాప్‌లకి ఆన్‌లైన్ సేవలు ఆపేసింది. కొలత తప్పని తేలినందువల్ల కాదు. చేతిలో ఉన్న వస్తువు సొంతమే అయినా, దాని లెక్కల పుస్తకం మాత్రం వేరేవాళ్ల దగ్గర ఉండటం ఈ తరహా పరికరాలన్నిటికీ ఉన్న జబ్బు. మెసేజ్ రాసినవాళ్లు దానిమీద నాలుగు ముక్కలు రాసి ఉంటే నేనూ పదిమందికి పంపేవాణ్ణి.

పాత కిట్ ఇంకా సొరుగులో ఉన్నవాళ్లు ఒక పని చేయొచ్చు. నానోకి రిసీవర్ పెట్టి, మెనూలో వర్కవుట్ మొదలుపెడితే, సెన్సర్‌ని లేపడానికి కాస్త నడవమని అడుగుతుంది. నడిచినా సెన్సర్ దొరకలేదంటే, బటన్‌తో నిద్రపుచ్చి ఉంటే తప్ప, దాని బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, దానికి మందు లేదు. దొరికితే మాత్రం నైకీ వెబ్‌సైట్‌తో పని లేకుండా పరుగుల వివరాలు ప్లేయర్‌లోని హిస్టరీలోనే చూసుకోవచ్చు. ముందు కేలిబ్రేట్ చేయండి, అదీ మొదటి లేన్‌లో.